ముందే ముగించే పిల్లలకి ఇంకో పేజీ ఇవ్వకండి

యూకేజీలో ఒకరిద్దరు ఉంటారు, పక్కవాళ్ళు పుస్తకం తెరిచేలోపే లెక్కలన్నీ చేసేసి "టీచర్, అయిపోయింది" అంటారు. వాళ్ళకి అవే లెక్కలు ఇంకో పేజీ ఇస్తే త్వరగా చేసినందుకు శిక్ష వేసినట్టే. కొన్నాళ్ళకి కావాలనే నెమ్మదిగా చేస్తారు.

నేనైతే 12 చింతపిక్కలు చేతిలో పోసి, "అన్ని వరసల్లో సమానంగా ఉండాలి, ఎన్ని రకాలుగా పేర్చగలవు?" అంటాను. రెండు వరసల్లో ఆరేసి, మూడింట్లో నాలుగేసి దొరికాక ఇంకో పిక్క కలుపుతాను. 13 మాత్రం ఒకే వరసగానో, ఒక్కొక్కటి విడిగానో పెడితే తప్ప కుదరదు. నుదురు ముడిచి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంటారు. అప్పుడు "ఎందుకు కుదరట్లేదు?" అని అడిగి ఊరుకోండి. జవాబు చెప్పేయాలని మనకే ఆత్రం! రేపటిదాకా ఆలోచించుకోనివ్వండి.

రోజూ పక్కపిల్లలకి నేర్పే పని కూడా వాళ్ళమీద పెట్టొద్దు. వాళ్ళూ నేర్చుకోవడానికే వచ్చారు కదా.

ఇంకొకటి. ఆలోచన పరుగెత్తినా వేళ్ళు ఐదేళ్ళవే. రాయడానికి ఏడుస్తుంటే నోటితో చెప్పమనండి, మీరు రాసిపెట్టండి.