మీ కెర్నెల్ క్రాష్ అయినప్పుడు స్టాక్ ట్రేస్ ప్రింట్ చేయడం ఎలా

సొంతంగా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి భాగం) రాసేవాళ్లలో చాలామంది మెమరీ అలొకేటర్, షెడ్యూలర్, ఫైల్ సిస్టమ్ అంటూ ముందుకు వెళ్లిపోతారు, క్రాష్ సంగతి తర్వాత చూద్దాంలే అని. నేనూ అలాగే వెళ్లాను. ఒక రోజు షెడ్యూలర్‌లో చిన్న మార్పు చేశాక క్యూఈఎంయూ (కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) తెర మీద ఏ మెసేజూ లేకుండా బూట్, రీబూట్, బూట్, రీబూట్... రెండు రాత్రులు ఆ ఒక్క తప్పు వెతకడానికే పోయాయి. అలొకేటర్ కన్నా ముందు క్రాష్ హ్యాండ్లర్ (క్రాష్ అయినప్పుడు స్టాక్ ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలుస్తూ అక్కడికి చేరిందో ఆ జాబితా, ప్రింట్ చేసే కోడ్) రాయండి, అది కూడా కెర్నెల్‌లో వేరే ఏ భాగాన్నీ నమ్మకుండా పనిచేసేలా రాయండి. కింద చెప్పేదంతా 64 బిట్ ఎక్స్86 గురించి.

మొదట అవుట్‌పుట్. తెర మీద అక్షరాలు వేసే కోడ్‌కి ఫాంట్, ఫ్రేమ్‌బఫర్, లాక్, ఇలా చాలా కావాలి, క్రాష్ టైమ్‌లో వీటిలో ఏది చెడిపోయి ఉంటుందో తెలియదు. సీరియల్ పోర్ట్ వాడండి. కామ్1 పోర్ట్ అడ్రస్ హెక్స్‌లో 3ఎఫ్8, దానికి 5 కలిపితే లైన్ స్టేటస్ రిజిస్టర్, అందులో 5వ బిట్ 1 అయ్యేదాకా ఆగి ఒక్కో బైట్ పంపడమే. ఇంటరప్ట్‌లు అక్కర్లేదు. లాక్ అసలు తీసుకోవద్దు, ఎందుకంటే ఆ లాక్ పట్టుకున్న కోడే క్రాష్ అయి ఉంటే పానిక్ (కెర్నెల్ ఇక నడవలేక ఆగిపోవడం) మెసేజ్ ఒక్క అక్షరం కూడా రాకుండా అక్కడే ఆగిపోతుంది.

తర్వాత కంపైలర్. ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే జీసీసీ మామూలుగా ఫ్రేమ్ పాయింటర్‌ని (ప్రస్తుత ఫంక్షన్ తాలూకు స్టాక్ భాగాన్ని ఆర్‌బీపీ రిజిస్టర్‌తో చూపించడాన్ని) తీసేస్తుంది, అందుకని ఎఫ్-నో-ఒమిట్-ఫ్రేమ్-పాయింటర్ ఆప్షన్ పెట్టండి. అప్పుడు ప్రతి ఫంక్షన్ మొదలవగానే పాత ఆర్‌బీపీని స్టాక్ మీదకి తోసి, ఆర్‌ఎస్‌పీ (స్టాక్ చివరను చూపే రిజిస్టర్) విలువను ఆర్‌బీపీలో పెట్టుకుంటుంది. అంటే ఆర్‌బీపీ చూపే చోట దాన్ని పిలిచిన ఫంక్షన్ తాలూకు ఆర్‌బీపీ ఉంటుంది, దానికి 8 బైట్ల పైన రిటర్న్ అడ్రస్ (పని అయ్యాక తిరిగి వెళ్లాల్సిన చోటు) ఉంటుంది. ఆ రిటర్న్ అడ్రస్ ప్రింట్ చేయడం, పాత ఆర్‌బీపీకి వెళ్లడం, మళ్లీ అదే పని, స్టాక్ ట్రేస్ అంటే ఇంతే. గొలుసు ఎక్కడో ఒకచోట ఆగాలి కాబట్టి బూట్ కోడ్‌లో మొదటి సీ ఫంక్షన్‌ని పిలిచే ముందు ఆర్‌బీపీని సున్నా చేయండి, కొత్త థ్రెడ్ తయారుచేసేటప్పుడు కూడా మర్చిపోవద్దు.

చెడిపోయిన స్టాక్ మీద ఈ గొలుసు పట్టుకుని నడిస్తే హ్యాండ్లర్‌లోనే ఇంకో పేజ్ ఫాల్ట్ (మ్యాప్ కాని లేదా అనుమతి లేని మెమరీని తాకితే సీపీయూ ఇచ్చే ఎక్సెప్షన్) వస్తుంది. కాబట్టి ప్రతి ఆర్‌బీపీనీ వాడేముందు చూసుకోండి: 8తో భాగించబడుతోందా, ఈ స్టాక్ హద్దుల్లోనే ఉందా, ముందటి దానికన్నా పెద్దదేనా (స్టాక్ కిందికి పెరుగుతుంది కాబట్టి పిలిచినవాళ్లు ఎప్పుడూ పై అడ్రస్‌లోనే ఉంటారు). 32 ఫ్రేమ్‌లు దాటితే ఆపేయండి. పానిక్‌లోకి రెండోసారి వస్తే ఏమీ ప్రింట్ చేయకుండా నేరుగా ఇంటరప్ట్‌లు ఆపి హాల్ట్ లూప్‌లోకి పోయేలా ఒక ఫ్లాగ్ కూడా పెట్టుకోండి.

ఎక్సెప్షన్ వచ్చినప్పుడు ట్రేస్‌ని హ్యాండ్లర్ నుంచి కాదు, సీపీయూ స్టాక్ మీద దాచిన ఆర్‌ఐపీ (అప్పుడు నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) నుంచి మొదలుపెట్టాలి, తప్పు జరిగింది అక్కడే. మీ స్టబ్ (ఎక్సెప్షన్ రాగానే మొదట నడిచే చిన్న అసెంబ్లీ కోడ్) దాచిన ఆర్‌బీపీ నుంచి మిగతా నడక.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎక్సెప్షన్ 14, ఎర్రర్ కోడ్ 2, సీఆర్2లో (ఏ అడ్రస్‌ని తాకితే ఫాల్ట్ వచ్చిందో చెప్పే రిజిస్టర్) హెక్స్ 18 అని వచ్చింది. 14 అంటే పేజ్ ఫాల్ట్. ఎర్రర్ కోడ్‌లో 0వ బిట్ 0 కాబట్టి ఆ పేజీ మ్యాప్ అయి లేదు, 1వ బిట్ 1 కాబట్టి రాయబోతే వచ్చింది, 2వ బిట్ 0 కాబట్టి తప్పు చేసింది కెర్నెలే. హెక్స్ 18 అంటే 24. ఫీల్డ్‌లన్నీ 8 బైట్లవే అయితే, నల్ పాయింటర్ పట్టుకుని స్ట్రక్చర్‌లో నాలుగో ఫీల్డ్‌లో రాయబోయారన్నమాట. సోర్స్ తెరవకముందే సగం పని అయిపోయింది! అయితే బూట్‌లోడర్ మెమరీ మొదటి భాగాన్ని అలాగే మ్యాప్ చేసి వదిలేస్తే ఈ ఫాల్ట్ రానే రాదు, ఆ రాత నిశ్శబ్దంగా జరిగిపోతుంది. సున్నా పేజీ మ్యాపింగ్ తీసేయండి.

ఆర్‌ఐపీయే సున్నా అని వస్తే నల్ ఫంక్షన్ పాయింటర్‌ని పిలిచారని అర్థం. అక్కడ ఆర్‌బీపీని దాచే కోడ్ నడవలేదు కాబట్టి అసలు తప్పు చేసిన ఫంక్షనే ట్రేస్‌లో కనిపించదు! దాచిన ఆర్‌ఎస్‌పీ చూపే చోట ఉన్న విలువను విడిగా ప్రింట్ చేయండి, అదే మనకి కావాల్సిన రిటర్న్ అడ్రస్.

నా రీబూట్ల గొడవకి కారణం స్టాక్ ఓవర్‌ఫ్లో. స్టాక్ అయిపోతే పేజ్ ఫాల్ట్ వస్తుంది, ఆ వివరాలు దాచడానికి సీపీయూ మళ్లీ అదే స్టాక్ మీద రాయబోతుంది, డబుల్ ఫాల్ట్, అదీ కుదరక ట్రిపుల్ ఫాల్ట్, మెషీన్ రీసెట్. టీఎస్‌ఎస్ అనే సీపీయూ పట్టికలోని ఐఎస్‌టీ (ఎక్సెప్షన్‌లకి వాడాల్సిన వేరే స్టాక్‌ల జాబితా) ద్వారా 8వ ఎక్సెప్షన్‌కి, అంటే డబుల్ ఫాల్ట్‌కి, వేరే స్టాక్ ఇవ్వండి, ప్రతి స్టాక్ కింద 4096 బైట్ల పేజీ ఒకటి మ్యాప్ చేయకుండా వదలండి. ఇవి పెట్టేదాకా క్యూఈఎంయూని నో-రీబూట్, డీ-ఇంట్ ఆప్షన్‌లతో నడపండి, ప్రతి ఎక్సెప్షన్ లాగ్‌లో పడుతుంది.

అడ్రస్‌ల నుంచి పేర్లు రావాలంటే జీ ఆప్షన్‌తో కంపైల్ చేసిన మీ కెర్నెల్ ఈఎల్ఎఫ్ ఫైల్‌ని అడ్ర్2లైన్ అనే టూల్‌కి ఎఫ్ ఆప్షన్‌తో ఇస్తే చాలు, ఫంక్షన్ పేరూ ఫైలూ లైన్ నంబరూ చెప్పేస్తుంది. రిటర్న్ అడ్రస్‌ల నుంచి మాత్రం 1 తీసేసి ఇవ్వండి. పానిక్ లాంటి తిరిగి రాని ఫంక్షన్‌ని చివర్లో పిలిస్తే రిటర్న్ అడ్రస్ పక్క ఫంక్షన్‌లో పడుతుంది, సంబంధం లేని పేరు చూసి గంటలు పోతాయి. మొదటి ఆర్‌ఐపీకి ఈ తీసివేత వద్దు.

లైనక్స్ ట్రేస్‌లు కూడా చదువుతూ ఉండండి, చాలా నేర్చుకోవచ్చు. 2017లో 4.14 వెర్షన్‌తో ఓఆర్‌సీ అనే అన్‌వైండర్ (స్టాక్ ట్రేస్ తీసే కోడ్) వచ్చింది, దానికి ఫ్రేమ్ పాయింటర్ అవసరం లేదు. పేరు ముందు ప్రశ్నార్థకం ఉంటే ఆ అడ్రస్ స్టాక్ మీద దొరికింది గానీ పిలుపుల గొలుసులో ఉందని తేలలేదని అర్థం.

అంతా అయ్యాక మీరే కావాలని క్రాష్ చేసి చూడండి. నల్‌లో ఒకసారి రాయండి, నల్ ఫంక్షన్‌ని పిలవండి, ఆగని రికర్షన్ ఒకటి రాయండి. ఆ రికర్షన్‌లో ప్రతి పిలుపులో ఒక వోలటైల్ అర్రే పెట్టి, పిలుపు తిరిగొచ్చాక దాన్ని మళ్లీ చదవండి, లేకపోతే కంపైలర్ దాన్ని లూప్‌గా మార్చేసి స్టాక్ అసలు నిండదు.