తుఫాను సీజన్ రాకముందే ఫైళ్ల రెండో కాపీని ఊరు దాటించండి

హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. ద్వారకానగర్‌లో నేను కంప్యూటర్లు చూసే ఒక ఆఫీసులోకి మూడు రోజుల తర్వాత వెళ్లగలిగాను. కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా సర్వర్ మీద కొట్టింది. బ్యాకప్ హార్డ్‌డిస్క్ కూడా అదే బల్ల మీద ఉంది. కేబుల్ పీకితే అందులోంచి నీళ్లు కారాయి. ఆ ఏడాది లెక్కలన్నీ కాగితాలు చూసి మళ్లీ ఎక్కించారు. అందుకే సెప్టెంబర్ వచ్చిందంటే అందరికీ ఈ మాటలే చెబుతుంటాను.

రెప్లికేషన్ సాఫ్ట్‌వేర్ మన ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ తనంతట తానే ఇంకోచోటికి పంపుతుంది. ఆ ఇంకో చోటు పక్క వీధి కాకూడదు, విశాఖలోనే ఉన్న గాజువాక కూడా వద్దు. చెన్నైదీ తుఫాన్ల తీరమే. విజయవాడను 2024లో బుడమేరు ముంచింది. నా ఓటు హైదరాబాద్‌కే. అంత దూరానికి అసింక్రనస్ పద్ధతి పెట్టుకోండి, అంటే కాపీ కాస్త ఆలస్యంగా వెళ్తుంది. సింక్రనస్ అయితే అవతల కూడా రాయడం అయ్యేదాకా ఇక్కడి పని ఆగుతుంది. పదిహేను నిమిషాలకోసారి పంపేలా పెడితే, పోయినా దాదాపు ఆ పదిహేను నిమిషాల పనే పోతుంది. ఆస్పత్రి బిల్లింగ్‌కి అది కూడా ఎక్కువే, ఆడిటర్ ఆఫీసుకి సరిపోతుంది.

మంచి సాఫ్ట్‌వేర్ ఫైల్ మొత్తం కాకుండా మారిన ముక్కనే పంపుతుంది. కానీ మొదటిసారి అంతా వెళ్లాల్సిందే. 500 జీబీ డేటా 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో వెళ్లాలంటే రెండు రోజులకు పైనే పడుతుంది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశాక మొదలుపెడితే అందదు.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటి. రెప్లికేషన్‌కి మంచీ చెడూ తెలియదు. ఇక్కడ ఫైల్ డిలీట్ అయితే అక్కడా డిలీట్ చేస్తుంది. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఇక్కడి ఫైళ్లను పాడు చేస్తే ఆ పాడైనవే అక్కడికీ పంపుతుంది. అందుకే పాత వెర్షన్లు, అంటే స్నాప్‌షాట్లు, కనీసం నెల రోజులు ఉంచే సదుపాయం లేనిది కొనకండి. ఆఫీసు లాగిన్‌తో వాటిని చెరిపే వీలు ఉండకూడదు. ట్యాలీలాంటివి తెరిచి ఉండగా కాపీ చేస్తే అరకొరగా వస్తాయి. తెరిచి ఉన్న ఫైల్‌ని ఆ క్షణంలో ఉన్నట్టే పట్టుకునే విండోస్‌లోని షాడో కాపీని వాడుకునే సాఫ్ట్‌వేర్ ఆ చిక్కు చాలావరకు తీరుస్తుంది. డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలో వెళ్లాలి, ఆ కీ కాగితం మీద రాసి ఇంట్లో దాచండి.

ఒకరోజు కూర్చుని, వేరే కంప్యూటర్‌లోకి ఒక ఫోల్డర్ వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు, చివరి కాపీ ఎన్నింటికి వెళ్లిందో చూశాకే సర్వర్ ఆపండి. ప్లగ్ పీకి, కిటికీకి దూరంగా, నేల మీద కాకుండా ఎత్తులో పెట్టండి.

తుఫాను వెళ్లాక తొందరపడకండి. పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి రెప్లికేషన్ అలాగే ఆన్ చేస్తే, ఖాళీ ఫోల్డర్‌ని చూసి సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌లో ఉన్నదాన్ని కూడా ఖాళీ చేసే ప్రమాదం ఉంది. ముందు రెప్లికేషన్ ఆపండి, అక్కడి నుంచి ఇక్కడికి డేటా తెచ్చుకోండి, ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే మళ్లీ ఆన్ చేయండి.