క్లాస్ ఏ సీడీఎల్ స్కిల్స్ టెస్టు: బండి ఎక్కకముందే నెగ్గాల్సిన పరీక్ష

అమెరికాలో ట్రక్కు లైసెన్సుకు (సీడీఎల్, అంటే కమర్షియల్ డ్రైవర్ లైసెన్సు) సిద్ధమయ్యేవాళ్ల భయమంతా సాధారణంగా రోడ్డు మీదే ఉంటుంది. పొడవాటి ట్రైలరు, ఇరుకు మలుపులు, పక్క సీట్లో ఎగ్జామినరు. కానీ స్కిల్స్ టెస్టు మొదలయ్యేది బండి తనిఖీతో. అక్కడ తప్పితే ఆ రోజుకి రోడ్డు దాకా పోనే పోరు. అందుకే సాధన సమయంలో పెద్ద వాటా తనిఖీకి, అందులోనూ ఎయిర్ బ్రేకులకు ఇవ్వండి.

ముందు కాగితాల సంగతి. ట్రాక్టరు (ముందుండి లాగే ట్రక్కు), ట్రైలరు కలిపి రేటెడ్ బరువు, అంటే తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు, 26,001 పౌండ్లు గానీ అంతకు మించి గానీ ఉండి, ట్రైలరు ఒక్కటే 10,000 పౌండ్లు దాటితే క్లాస్ ఏ కావాలి. డీఎంవీలో (రాష్ట్ర లైసెన్సు ఆఫీసులో) రాత పరీక్షలు పాసై సీఎల్‌పీ, అంటే లెర్నర్ పర్మిట్, తీసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో జనరల్ నాలెడ్జ్‌కి 50, ఎయిర్ బ్రేక్స్‌కి 25, కాంబినేషన్ వెహికల్స్‌కి 20 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానిలో 80 శాతం రావాలి. పర్మిట్ చేతికొచ్చాక కనీసం 14 రోజులు గడిస్తేనే స్కిల్స్ టెస్టు పెడతారు. 18 ఏళ్లకే లైసెన్సు ఇచ్చినా, రాష్ట్రం దాటి సరుకు తోలాలంటే 21 నిండాలి. డీఓటీ (రవాణా శాఖ) మెడికల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. చూపు కళ్లజోడుతోనైనా సరే ఒక్కో కంటికి 20/40 ఉండాలి.

స్కూలుకు డబ్బు కట్టకముందు రెండు సంగతులు తేల్చుకోండి. 2022 ఫిబ్రవరి 7 నుంచి మొదటిసారి క్లాస్ ఏ తీసుకునేవాళ్లకి ఎంట్రీ లెవెల్ శిక్షణ తప్పనిసరి. ఆ స్కూలు పేరు ఎఫ్‌ఎంసీఎస్‌ఏ (ట్రక్కుల భద్రత చూసే కేంద్ర సంస్థ) వారి ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీలో లేకపోతే మీరు ఎన్ని గంటలు తోలినా లెక్కలోకి రాదు. రెండోది, వీసా మీద ఉన్నవాళ్లకి ఇచ్చే నాన్ డొమిసైల్డ్ లైసెన్సు నిబంధనలు 2025 నుంచి బిగుసుకున్నాయి. మీ పత్రాలు చూపించి డీఎంవీ నుంచే మాట తీసుకోండి, స్కూలు వాళ్ల హామీ చాలదు.

భాష సంగతి కూడా ముందే తెలిసుండాలి. స్కిల్స్ టెస్టు ఇంగ్లీషులోనే జరుగుతుంది, దుబాసీని అనుమతించరు. ఇంట్లో తెలుగులో అర్థం చేసుకోండి, తప్పులేదు. కానీ బండి దగ్గర మాత్రం మొదటి రోజు నుంచీ ఇంగ్లీషులోనే పైకి చెబుతూ సాధన చేయండి. బుర్రలో ఉన్న విషయం నోటికి రావడానికి వేరే సాధన కావాలి.

తనిఖీ: వేలు పెట్టాలి, పేరు చెప్పాలి, ఎలా ఉందో చెప్పాలి

ఎగ్జామినరుకు మీకు ఎంత తెలుసో కనబడదు. మీరు వేలు పెట్టి చూపించిన భాగం, చెప్పిన పేరు, చెప్పిన స్థితి, ఈ మూడే మార్కులు తెచ్చేవి. ఇనప భాగాలకు ‘సెక్యూర్లీ మౌంటెడ్, నాట్ క్రాక్డ్, బెంట్ ఆర్ బ్రోకెన్’ (గట్టిగా బిగించి ఉంది, పగల్లేదు, వంగలేదు, విరగలేదు) అన్న వరస పనికొస్తుంది. గొట్టాలు, బ్రేకు ఛాంబర్లు (గాలి బలంతో బ్రేకును నెట్టే డబ్బాలు), గేర్‌బాక్సులకు ‘నాట్ లీకింగ్’ (లీకు లేదు) కలపాలి. కానీ అన్నిటికీ ఒకే పాట పాడితే కుదరదు. లీకయ్యేదేమీ లేని లీఫ్ స్ప్రింగు చూపించి ‘నాట్ లీకింగ్’ అంటే మీరు బట్టీ పట్టారని ఎగ్జామినరుకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

కొన్ని భాగాలకు అంకె కూడా చెప్పాలి. ముందు టైర్ల గాడి లోతు కనీసం 4/32 అంగుళాలు, మిగతా టైర్లకు 2/32. గాలి ఎంతుందో గేజుతో చూస్తానని చెప్పండి. కాలితో తన్నడం, సుత్తితో కొట్టడం గాలి చూసినట్టు కాదు. బ్రేకు లైనింగు కనీసం పావు అంగుళం. బెల్టు మధ్యలో నొక్కితే ముప్పావు అంగుళం మించి లోపలికి పోకూడదు. నట్ల చుట్టూ తుప్పు చారలు గానీ, బోల్టుల మరల మీద మెరుపు గానీ కనిపిస్తే అవి వదులయ్యాయని అర్థం.

స్లాక్ అడ్జస్టర్ (ఛాంబర్ పుష్‌రాడ్ కదలికను బ్రేకు షూలకు అందించే చేయి) దగ్గర తొందరపడొద్దు. బ్రేకులు విడుదలై ఉన్నప్పుడు పుష్‌రాడ్‌ను చేత్తో లాగితే ఒక అంగుళం మించి కదలకూడదు. అంతకంటే ఎక్కువ కదిలిందంటే, బ్రేకు తొక్కినప్పుడు పుష్‌రాడ్ కదలగల దూరంలో చాలా భాగం ఆ ఖాళీని పూడ్చడానికే పోయి, డ్రమ్ముకు షూ గట్టిగా ఆనదు. కొండ దిగుతూ డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది. ఈ కారణం మనసుకెక్కితే అంకె దానంతటదే గుర్తుంటుంది.

ఫిఫ్త్ వీల్ (ట్రైలరును ట్రాక్టరుకు తగిలించే ప్లేటు) దగ్గరికి టార్చి తీసుకెళ్లండి. చెప్పాల్సినవి మూడు. ట్రైలరు ఏప్రన్‌కీ (అడుగు పలకకీ) ఫిఫ్త్ వీల్ ప్లేటుకీ మధ్య సందు లేదు. లాకింగ్ జాస్ (పట్టుకునే దవడలు) కింగ్‌పిన్ (ట్రైలరు అడుగునుండే పిన్ను) మెడను పట్టుకున్నాయి, తలను కాదు. రిలీజ్ ఆర్మ్ లాక్ అయిన స్థితిలోనే ఉంది. సందు కనిపించిందంటే కింగ్‌పిన్ జాస్ లోపలికి దిగకుండా పైనే కూర్చుని ఉండొచ్చు. చూడటానికి తగిలించినట్టే ఉంటుంది, కదిలాక ట్రైలరు ఊడిపోతుంది.

కొన్ని రాష్ట్రాల్లో కొత్త పద్ధతి టెస్టు నడుస్తోంది. అక్కడ తనిఖీకి చేతిలో చెక్‌లిస్టు ఇస్తారు, రివర్సు విన్యాసాలూ మారాయి. మీ రాష్ట్రం సీడీఎల్ మాన్యువల్ తాజా ప్రతి దింపుకుని దాన్నే నమ్మండి. పక్క రాష్ట్రంవాళ్ల యూట్యూబ్ వీడియోలో సరైన పద్ధతే చూపించినా అది మీ టెస్టు కాకపోవచ్చు.

ఎయిర్ బ్రేకుల పరీక్ష

దీనిలో ఒక్క మెట్టు వదిలేసినా, వరస తప్పినా ఆ పూట టెస్టు అక్కడితో ముగుస్తుంది. చేతులతో చేస్తూ, నోటితో చెబుతూ, కంటితో గేజు చూస్తూ సాధన చేయండి.

బండి చదునైన చోట ఉండాలి. చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టండి, ఎందుకంటే పార్కింగ్ బ్రేకు విడుదల చేయబోతున్నారు. ఇంజను నడిపి గాలి పూర్తిగా ఎక్కించండి. మామూలుగా 120 నుంచి 140 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య గవర్నర్ కట్ అవుట్ అయి, అంటే గాలి ఎక్కడం ఆగి, బుస్సుమని శబ్దం వస్తుంది. ఆ అంకె పైకి చెప్పండి. ఇప్పుడు ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లోకి తిప్పండి. పసుపు నాబ్ (పార్కింగ్ బ్రేకు), ఎర్ర నాబ్ (ట్రైలరుకు గాలి పంపేది) రెండూ లోపలికి నొక్కండి.

మొదటిది లీకు పరీక్ష. ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి. తొక్కగానే సూది కొంత పడుతుంది, అది లెక్కలోకి రాదు. సూది నిలకడ అయ్యాక ఒక నిమిషం చూడండి. ట్రాక్టరు, ట్రైలరు కలిసిన బండికి ఆ నిమిషంలో 4 పీఎస్ఐ మించి పడకూడదు, ఒంటి బండికైతే 3. మొదట సూది పడినదాన్ని కూడా కలిపేసి ‘లీకు ఉంది’ అని కంగారుపడటం, లేదా నిమిషం నిండకుండానే కాలు తీసేయడం తరచుగా జరిగే పొరపాట్లు. ఎర్ర నాబ్ నొక్కడం మరిచిపోతే ట్రైలరు వైపు గాలే పోదు, మీరు సగం బండినే పరీక్షించినట్టు.

రెండోది హెచ్చరిక పరీక్ష. తాళం ఆన్‌లోనే ఉంచి బ్రేకు పెడల్‌ను తొక్కుతూ వదులుతూ గాలి దించండి. 55 పీఎస్ఐ కంటే కిందికి జారకముందే బజర్ మోగాలి, లైటు వెలగాలి. కొన్ని మాన్యువళ్లు ఇప్పటికీ 60 అంటాయి, మీ రాష్ట్రానిదే చెప్పండి. తాళం తిప్పకపోతే బజర్ మోగదు. ఇంజను ఆపేటప్పుడు అలవాటుగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పేసి, తర్వాత మళ్లీ ఆన్ చేయడం మరిచిపోయి ఫెయిలయ్యేవాళ్లు ఉంటారు. అందుకే ‘ఇంజన్ ఆఫ్, కీ ఆన్’ అనే మాటను ప్రతిసారీ పైకి అనండి.

మూడోది, పెడల్ తొక్కడం ఆపకుండా ఇంకా గాలి దించండి. 20 నుంచి 45 పీఎస్ఐ మధ్యలో రెండు నాబులూ టప్పున బయటికి రావాలి. గాలి పోతే స్ప్రింగ్ బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయన్న దానికి ఇదే రుజువు. నాబు చేత్తో లాగొద్దు, అదే రావాలి.

ఆపైన గాలి మళ్లీ ఎక్కించి పార్కింగ్ బ్రేకు, ట్రైలరు బ్రేకు విడివిడిగా పట్టించి, తక్కువ గేరులో మెల్లగా లాగి చూపించాలి. చివరిగా గంటకు 5 మైళ్ల వేగంతో కదిలి సర్వీసు బ్రేకు తొక్కి, బండి ఒక పక్కకు లాగడం లేదని చెప్పాలి.

ఇదంతా కుదరాలంటే రోజూ ఒకే వరసలో బండి చుట్టూ తిరగండి. ఫోనులో మీ గొంతు రికార్డు చేసి, మాన్యువల్ ముందు పెట్టుకుని వినండి. ఏ భాగం దగ్గర ఎప్పుడూ ఆగిపోతున్నారో అప్పుడు బయటపడుతుంది. స్టీరింగ్ లింకేజ్, ట్రైలరు కింది భాగం, ఈ రెండూ ఎక్కువగా జారిపోయే చోట్లు.

రివర్సు

ట్రైలరు వెనక భాగం ఎటు పోవాలో దానికి ఎదురు దిక్కుకు స్టీరింగ్ తిప్పాలి. నేరుగా వెనక్కి పోతున్నప్పుడు మాత్రం ఇంకో గుర్తు పెట్టుకోండి. ఏ అద్దంలో ట్రైలరు ఎక్కువగా కనిపించడం మొదలైందో, ఆ అద్దం వైపుకే స్టీరింగ్ కొద్దిగా తిప్పితే సర్దుకుంటుంది. కొత్తవాళ్లు చెడగొట్టుకునేది ఆలస్యంగా తిప్పడం వల్ల, తిప్పాక తిరిగి సరిచేయకపోవడం వల్ల. నడక వేగం కంటే నెమ్మదిగా పొండి. వేగం తగ్గితే ట్రైలరు తిరగడం కంటికి ముందే అందుతుంది.

ముందుకు లాగి సరిచేసుకోవడం, దిగి చూసుకోవడం రెండూ అనుమతించినవే, కానీ మితంగా. చాలా రాష్ట్రాల పాత పద్ధతిలో నేరు రివర్సులో ఒకసారి, మిగతా విన్యాసాల్లో రెండుసార్లు దిగి చూడొచ్చు. సందేహం వస్తే దిగండి, కోను తగిలితే పోయే మార్కుల ముందు అది తక్కువే. దిగేటప్పుడు న్యూట్రల్, పార్కింగ్ బ్రేకు రెండూ వేసి, బండి వైపే తిరిగి, మూడు చోట్ల పట్టు వదలకుండా దిగాలి. బ్రేకు వేయకుండా దిగినా, దూకినా అక్కడికక్కడే ఫెయిల్ చేయొచ్చు.

రోడ్డు

ముందు బండికి దూరం లెక్క ఇలా వేసుకోండి. మీ బండి పొడవులో ప్రతి 10 అడుగులకు ఒక సెకను, 40 మైళ్ల వేగం దాటితే ఇంకొక సెకను. 60 అడుగుల బండికి హైవే మీద 7 సెకన్లు. కుడి మలుపులో ట్రైలరు వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి కాబట్టి కూడలిలోకి కాస్త ముందుకెళ్లాక తిప్పండి. మలుపుకు ముందే ఎడమకు బాగా జరిగితే, కుడి పక్క ఖాళీలోకి కారు దూరిపోతుంది. రైలు పట్టాల మీద గేరు మార్చకూడదు. వంతెన కింద నుంచి వెళ్లాక దాని ఎత్తు ఎంతని ఎగ్జామినరు అడగొచ్చు, అందుకే ప్రతి బోర్డూ చదువుతూ పోండి.

ఏ బండితో టెస్టు ఇస్తున్నారో కూడా ఆలోచించండి. ఆటోమేటిక్‌తో ఇస్తే లైసెన్సు మీద ‘ఈ’ పరిమితి పడుతుంది, మాన్యువల్ గేర్ల కమర్షియల్ బండి తోలడానికి వీలుండదు. ఎయిర్ బ్రేకులు లేని బండితో ఇస్తే ‘ఎల్’ పడుతుంది. టెస్టు ముందు రోజే లైట్లన్నీ వెలిగించి చూసి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు క్యాబ్‌లో పెట్టుకోండి. ఒక్క బ్రేకు లైటు వెలగకపోయినా టెస్టు మొదలుపెట్టకుండానే వెనక్కి పంపేస్తారు.