ధరలు కదలడం లేదా? డేటా బిల్లు పేలిందా? రీఇన్‌స్టాల్ కంటే ముందు చూడాల్సినవి

"అన్నా, సాఫ్ట్‌వేర్ పాడైంది. రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను, అయినా ధరలు రావట్లేదు." అమెరికా మార్కెట్‌లో ట్రేడింగ్ చేసే మనవాళ్ల నుంచి నాకొచ్చే ఫోన్లు దాదాపు ఇలాగే మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్ నిజంగా పాడైన సందర్భాలు ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ డేటా గొడవలే.

మన దగ్గర డిస్కౌంట్ బ్రోకర్ యాప్ తెరిస్తే ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లైవ్ ధరలు ఉచితంగా కనిపిస్తాయి. ఆ అలవాటుతోనే అక్కడికీ వెళ్తాం. అమెరికాలో కూడా మామూలు ఫోన్ యాప్ బ్రోకర్ల దగ్గర ఈ తలనొప్పి ఉండదు. కానీ పెద్ద డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఇచ్చి, మార్కెట్ డేటాను విడిగా అమ్మే బ్రోకర్లు ఉన్నారు. నేను రాసేది వాళ్ల దగ్గర ఖాతా ఉన్నవాళ్ల కోసం. అక్కడ డేటా వ్యవహారం కేబుల్ టీవీ లాంటిది. సెట్ టాప్ బాక్స్ ఇంట్లో ఉన్నంత మాత్రాన అన్ని చానళ్లూ రావు.

ధరలు ఉన్నట్టుండి ఆగిపోయాయి

ముందు మీ ఫోన్ చూడండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. ఇలాంటి బ్రోకర్ల దగ్గర సాధారణంగా ఒక యూజర్‌నేమ్‌కు ఒకే లైవ్ డేటా కనెక్షన్. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి ఫోన్‌లో అదే యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యారనుకోండి, లైవ్ డేటా ఫోన్‌కు వెళ్లిపోతుంది. డెస్క్‌టాప్‌లో ధరలు ఖాళీ అవుతాయి, లేదా పక్కన 'డిలేయిడ్' అని పడుతుంది. ఫోన్‌లో యాప్‌ను పక్కకు నెట్టేస్తే చాలదు, లాగౌట్ కొట్టాలి. సొంతంగా పైథాన్ ప్రోగ్రామ్ రాసి ఏపీఐ ద్వారా బ్రోకర్‌కు కలిపి నడిపేవాళ్లకు 'కాంపిటింగ్ సెషన్' లాంటి ఎర్రర్ వస్తుంది, జబ్బు అదే. దీనికి రెండో యూజర్‌నేమ్ పెట్టుకోవచ్చు కానీ, దానికి డేటా మళ్లీ విడిగా కొనాలి. ఈ మాట తెలియక ఒకే ఫీడ్‌కు రెండు చందాలు కడుతున్నవాళ్లున్నారు.

హైదరాబాద్ నుంచి ట్రేడ్ చేసేవాళ్లకు ఇంకొక్కటి. నవంబర్ మొదటి ఆదివారం తర్వాత అక్కడి గడియారం గంట వెనక్కి వెళ్తుంది. అప్పటిదాకా మనకు రాత్రి 7 గంటలకు తెరుచుకున్న మార్కెట్ 8కి తెరుచుకుంటుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఏటా నవంబర్ రెండో వారంలో 7:10కి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

కొన్ని షేర్లు లైవ్, కొన్ని 15 నిమిషాలు వెనక

ఇది చందా సగమే కొన్న కేసు. అమెరికా షేర్ల డేటా మూడు టేపులుగా, అంటే మూడు విడి ధరల ప్రవాహాలుగా వస్తుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయినవి టేప్ ఏ, నాస్‌డాక్‌లో లిస్టయినవి టేప్ సీ, ఆర్కా వంటి మిగతా ఎక్స్ఛేంజ్‌లవి టేప్ బీ. మనవాళ్లు ఆపిల్, మైక్రోసాఫ్ట్ చూస్తే చాలని నాస్‌డాక్ ఒక్కటే కొంటారు. క్యూక్యూక్యూ చక్కగా కదులుతుంది, ఎస్‌పీవై కదలదు. రెండూ ఈటీఎఫ్‌లే కదా, ఒకటి ఎందుకు రాదని గోల. ఎస్‌పీవై లిస్టయింది ఆర్కాలో, దానికి టేప్ బీ కావాలి.

ఆప్షన్ల ధరలకు ఓప్రా అనే నాలుగో చందా ఉంది. అది కొని, ఆ ఆప్షన్‌కు ఆధారమైన షేర్ టేప్ కొనకపోతే ప్రీమియంలు (ఆప్షన్ ధరలు) వస్తాయి కానీ, షేర్ ధర, సమయం మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో చెప్పే డెల్టా, థీటా గళ్లు ఖాళీగా ఉండిపోవచ్చు. షేర్ ధర తెలియకుండా అవి లెక్కకు రావు మరి. విక్స్ (మార్కెట్ ఒడిదుడుకుల సూచీ), ఎస్ అండ్ పీ సూచీ విలువలు, షికాగోలోని సీఎంఈ ఎక్స్ఛేంజ్ ఫ్యూచర్లు, ఇవన్నీ మళ్లీ వేరే చందాలు.

కొందరు బ్రోకర్లు ఒకటి రెండు ఎక్స్ఛేంజ్‌ల ధరలు మాత్రం ఉచితంగా లైవ్‌లో ఇస్తారు. అది డిలేయిడ్ కాదు, అలాగని మొత్తం మార్కెట్టూ కాదు. వాల్యూమ్ మరీ తక్కువగా కనిపిస్తే మీరు చూస్తున్నది అదే. ఎప్పుడో ఒకసారి కొని పెట్టుకునేవాళ్లకు అది చాలు, డబ్బు దండగ చేసుకోకండి.

బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చింది

కాస్త ఎక్కువైతే కారణం మామూలుదే. సాధారణంగా చందా క్యాలెండర్ నెల లెక్కన ఉంటుంది, రోజుల లెక్కన కాదు. 28న కొంటే ఆ నెలకు పూర్తిగా, 1న మళ్లీ పూర్తిగా పడుతుంది. కొనాలనుకుంటే ఒకటో తారీఖు దాకా ఆగండి, మానాలనుకుంటే నెలాఖరుకు ముందే ఆపండి.

కాస్త కాదు, ఇరవై రెట్లు వచ్చిందా? అయితే కూర్చుని చదవండి, నా చేయి కాలింది ఇక్కడే.

ఎక్స్ఛేంజ్‌లు డేటా కొనేవాళ్లను రెండు రకాలుగా చూస్తాయి: ప్రొఫెషనల్, నాన్ ప్రొఫెషనల్. నాన్ ప్రొఫెషనల్‌కు ఒక్కో టేపు నెలకు డాలరు, డాలరున్నర. ప్రొఫెషనల్‌కు అదే టేపు 20 డాలర్ల పైమాటే, టేప్ ఏ అయితే ఇంకా ఎక్కువ. డేటాలో వెంట్రుకవాసి తేడా ఉండదు. ఈ కారణం దొంగచాటుగా దెబ్బకొట్టేది అందుకే: స్క్రీన్ మీద ఏ లక్షణమూ కనిపించదు. ధరలు చక్కగా వస్తాయి, ఎర్రర్ ఉండదు. డబ్బు కార్డు నుంచి కాదు, ట్రేడింగ్ ఖాతాలోని నగదు నుంచే నిశ్శబ్దంగా పోతుంది. మూడు టేపులు, ఓప్రా కలిపి నెలకు 6 డాలర్లు అనుకున్నది నాకు 120 దాటింది. మూడో నెల నగదు మైనస్‌లోకి వెళ్లి, దానికి వడ్డీ పడితే గానీ స్టేట్‌మెంట్ తెరవలేదు. లాభనష్టాలు రోజుకు పదిసార్లు చూస్తాం, ఫీజుల పేజీ మాత్రం తెరవం.

నన్ను ప్రొఫెషనల్ చేసింది ఎవరో కాదు, నేనే. డేటా కొనేటప్పుడు ఒక ప్రశ్నావళి వస్తుంది. అందులో బ్యాంకు ఉద్యోగం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. అప్పట్లో నేను ఒక బ్యాంకు ఐటీలో కాంట్రాక్టర్‌ని. సగం వాక్యం చదివి, నిజాయితీగా 'అవును' అని టిక్ పెట్టాను. మిగతా సగంలో ఉంది అసలు సంగతి. మార్కెట్ నియంత్రణ సంస్థల దగ్గర రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉన్న బ్యాంకులో, మరోచోటైతే రిజిస్ట్రేషన్ అవసరమయ్యే పని చేస్తున్నారా అన్నది ప్రశ్న. అంటే ఖాతాదారుల తరఫున షేర్లు కొనడం అమ్మడం, సలహాలివ్వడం లాంటివి. జావా రాసేవాడికి, టెస్టింగ్ చేసేవాడికి దానితో పనిలేదు. నానక్‌రామ్‌గూడలో విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లు ఎంతమంది ఇదే టిక్ పెట్టి ఉంటారో!

మిగతా ప్రశ్నల సారం ఇంతే: ఎస్‌ఈసీ, సీఎఫ్‌టీసీ (అమెరికాలో షేర్ల, ఫ్యూచర్ల నియంత్రణ సంస్థలు), రాష్ట్ర సంస్థ లేదా ఎక్స్ఛేంజ్ దగ్గర రిజిస్టరయ్యారా, 1940 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ పని చేస్తున్నారా, డేటాను సొంతానికి కాక వ్యాపారానికి వాడుతున్నారా. వీటిలో ఏ ఒక్కదానికి నిజంగా అవునన్నా మీరు ప్రొఫెషనలే. అప్పుడు కాదని టిక్ పెట్టకండి. ఎక్స్ఛేంజ్‌లు ఆడిట్ చేస్తాయి, తేలితే పాత నెలల తేడా కూడా కట్టాల్సి రావచ్చు.

ఇదే గోతికి ఇంకో దారి ఎల్‌ఎల్‌సీ, అంటే అమెరికాలో పెట్టుకునే చిన్న పరిమిత బాధ్యత కంపెనీ. డాలస్‌లో ఒక మిత్రుడు కన్సల్టింగ్ కోసం పెట్టుకున్న ఎల్‌ఎల్‌సీ పేరు మీదే ట్రేడింగ్ ఖాతా తెరిచాడు. పన్నుకు మంచిదని ఎవరో చెప్పారట. నాన్ ప్రొఫెషనల్ కావాలంటే ముందు మనిషై ఉండాలి, కంపెనీ కాకూడదు. ఏ గడిలో ఏ టిక్ పెట్టినా లాభం లేదు. "కంపెనీలో ఉన్నది నేనొక్కడినే కదా" అన్నాడు. వాళ్లకు అదంతా అనవసరం. చివరికి సొంత పేరుతో మామూలు ఖాతా తెరిచి డేటా అందులో కొన్నాడు, ఎల్‌ఎల్‌సీ ఖాతాలో చందాలన్నీ ఆపేశాడు. కుటుంబ ట్రస్టు ఖాతా అయితే తెరవకముందే బ్రోకర్‌ని రాతపూర్వకంగా అడగండి.

టిక్ పొరపాటైతే మరమ్మతు పది నిమిషాల పని. వెబ్‌సైట్‌లో ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్కెట్ డేటా పేజీలో 'సబ్‌స్క్రైబర్ స్టేటస్' చూడండి. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో వెతికితే దొరకకపోవచ్చు. ప్రొఫెషనల్ అని ఉంటే ప్రశ్నావళి మళ్లీ తెరిచి, ఈసారి వాక్యాలు చివరిదాకా చదివి నింపండి. ఖాళీగా వదిలేసినా, ఒప్పందం మీద సంతకం చేయకపోయినా ప్రొఫెషనల్‌గా లెక్కకట్టే చోట్లు ఉన్నాయి. మారాక సాయంత్రం చందాల ధర పట్టిక చూసి, 1.50 లాంటి అంకె పడిందో లేదో సరిచూసుకోండి. కట్టేసిన డబ్బు వెనక్కి అడగండి కానీ ఆశ పెట్టుకోకండి. నాకు రాలేదు.

మిగతావి

ఆఫీసు వీపీఎన్, ఫైర్‌వాల్ అడ్డుపడటం: ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి చూస్తే తేలిపోతుంది. చార్టులు నత్తనడకన నడుస్తుంటే ప్రోగ్రామ్‌కు ఇచ్చిన మెమరీ పెంచండి, తెరిచి పెట్టిన నలభై చార్టుల్లో ముప్పై మూసేయండి. ఖాతాలో మొత్తం బ్రోకర్ చెప్పిన కనీసం కంటే పడిపోతే చందాలు వాటంతటవే ఆగిపోతాయి, డబ్బు వేసి మళ్లీ ఆన్ చేసుకోవాలి. స్క్రీన్ అమరిక ఫైల్ చెడిపోవడం నేను చూసింది రెండే రెండుసార్లు. రీఇన్‌స్టాల్ పనికొచ్చిందీ ఆ రెండుసార్లే.