ఎండాకాలంలో గండికోటకు వస్తున్నారా?

సెలవులు మొదలైతే చాలు, హైదరాబాద్ నుంచి మా అత్త ఫోన్ చేస్తుంది: "గండికోట చూపియ్యి అబ్బీ!" మా కడప జిల్లాలో పెన్నా లోయ అంచున ఉన్న పాత కోట అది. చూపిస్తా, కానీ ఏప్రిల్, మే నెలల్లో అయితే తెల్లారేసరికి అక్కడుండాలి, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక రావాలి.

పోయిన వేసవిలో మా బావ వినలేదు. పదకొండింటికి బయల్దేరదీశాడు. మాధవరాయస్వామి గుడి దగ్గర చెప్పులు విప్పి నాలుగడుగులు వేశాడో లేదో, కాళ్లు కాలి గెంతులు. అందరం నవ్వాం. అరగంటకు కళ్లు తిరుగుతున్నాయని ధాన్యాగారం నీడలో కూలబడితే మాకు నోట మాట రాలేదు. కాబట్టి మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు మజ్జిగ, తలకు తువ్వాలు, కాళ్లకు మేజోళ్లు తప్పనిసరి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బే. నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

లోయ దగ్గర ఇంకో టెన్షన్. పెన్నా దాదాపు 300 అడుగుల కింద ఉంటుంది, అంచున చాలాచోట్ల కంచె లేదు. పేర్చినట్టు కనిపించే ఎర్రబండల్లో కొన్ని కదులుతాయి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేయడం మాత్రం వద్దు. వేసవి సాయంత్రాలు ఉన్నట్టుండి గాలిదుమారం లేస్తుంది. ఉరుము వినబడితే సూర్యాస్తమయం సంగతి మర్చిపోయి కారెక్కండి. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడుతుంది, టార్చ్ ఉంచుకోండి.

ఎండ తప్పించుకోవడానికి మధ్యాహ్నం బెలుం గుహలకు పోదామంటారు చాలామంది. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుంటారు, లోపల ఒకటే ఉక్కపోత! మొత్తం 3,229 మీటర్లలో మనకు చూపించేది ఒకటిన్నర కిలోమీటరే, కానీ మెట్లెక్కి దిగి, వంగి నడవాలి. ఉబ్బసం, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు గుహలో అన్నిటికన్నా లోతున ఉన్న పాతాళగంగ దాకా పంతం పట్టొద్దు.

తిండి సంగతి: సంగటి, నాటుకోడి పులుసు రాత్రికి పెట్టుకోండి. మా కారం అలవాటు లేని కడుపుతో మిట్టమధ్యాహ్నం ఆ సాహసం ఎందుకు?

శ్రీరామనవమి రోజుల్లో వస్తే ఒంటిమిట్ట గుడిలో సీతారాముల కల్యాణం చూడండి. రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది, ఎండ బాధ ఉండదు. జనం మాత్రం విపరీతం. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.