యూరిన్ కల్చర్‌కి శాంపిల్ సరిగ్గా ఎలా పట్టాలి?

మా అమ్మకి మూత్రంలో మంటగా ఉందని కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి, అదేంటో తేల్చే పరీక్ష) చేయిస్తే, రిపోర్టులో రకరకాల బ్యాక్టీరియా కలగలిసి వచ్చిందని మళ్ళీ శాంపిల్ ఇమ్మన్నారు. ఆ మంటతోనే ఇంకో మూడు రోజులు ఆగాల్సొచ్చింది పాపం. మొదటి చుక్క నుంచే డబ్బాలో పట్టేసింది, అదీ జరిగిన పొరపాటు.

కిడ్నీల్లో తయారైన మూత్రం రెండు సన్నటి నాళాల గుండా మూత్రాశయంలోకి దిగుతుంది. అక్కడి నుంచి బయటికొచ్చే మూత్రమార్గం మగవాళ్ళలో దాదాపు 20 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 4 మాత్రమే. ఇన్ఫెక్షన్లు ఆడవాళ్ళకి ఎక్కువగా రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ మార్గం చివర్లోనూ చుట్టూ చర్మం మీదా సూక్ష్మజీవులు మామూలుగానే ఉంటాయి, మొదటి ధార వాటిని కడుక్కుంటూ వస్తుంది కాబట్టి అది మనకి వద్దు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వాలి. పొద్దున్నే మొదటిసారి వెళ్ళేది మంచిది, కుదరకపోతే మూడు నాలుగు గంటలు ఆగి పట్టండి, త్వరగా రావాలని బాటిళ్ళ కొద్దీ నీళ్ళు తాగితే మాత్రం మూత్రం పలచబడిపోతుంది.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆడవాళ్ళయితే ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోవాలి, మగవాళ్ళు ముందు చర్మం వెనక్కి లాగి కడుక్కోవాలి. ల్యాబ్ వాళ్ళిచ్చిన స్టెరైల్ (క్రిములు లేని) డబ్బా అప్పుడే తెరవండి, ముందే కాదు. మూతని లోపలి వైపు పైకి ఉండేలా పెట్టండి, దానికీ డబ్బా లోపలి అంచుకీ వేలు తగలకూడదు. కాస్త మూత్రం బయటికి పోనిచ్చి, ధార ఆపకుండానే డబ్బా అడ్డుపెట్టి సగం దాకా పట్టి తీసేయండి, మిగతాది టాయిలెట్‌లోకి పోనివ్వండి. మూత బిగించి, పేరుతో పాటు పట్టిన టైమ్ కూడా రాయండి.

గంట, మహా అయితే రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. బయట అలాగే వదిలేస్తే ఉన్న నాలుగు క్రిములూ డబ్బాలోనే పెరిగిపోయి లెక్క తప్పుతుంది, ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. నెలసరిలో ఉంటే ల్యాబ్ వాళ్ళకి చెప్పండి.

రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా చలిజ్వరం, వాంతులు, నడుం పక్కన నొప్పి మొదలైతే ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా ఎక్కి ఉండొచ్చు, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి.