అనంతపురంలో అద్దిల్లు: ముందు నీళ్లు, తర్వాత మిద్దె, ఆఖర్న అద్దె

1916 నాటి ఆర్ట్స్ కాలేజీ, 1946లో మొదలై ఇప్పుడు జేఎన్‌టీయూ అయిన ఇంజనీరింగ్ కాలేజీ, 1981లో విశ్వవిద్యాలయమైన ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ), వీటికి తోడు ఈమధ్య వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ. ఇన్ని చదువుల చోట్లున్న ఊళ్లో అడ్మిషన్ల సీజన్ మొదలైతే టు-లెట్ బోర్డు కట్టిన రోజే దిగిపోతుంది. ఆ తొందరలో పడకుండా ఏప్రిల్, మే నెలల్లోనే వెతకండి. ఎండకు జంకి చాలామంది ఆ పని చేయరు గానీ, బోరులో నీళ్లున్నాయా, పై అంతస్తులో కాపురం చేయగలమా అన్నది తేలేది ఆ రెండు నెలల్లోనే.

ఎస్కేయూ ఊరికి పది కిలోమీటర్ల అవతల ఇటుకలపల్లి దగ్గర ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో. రెండూ వేర్వేరు దారులు. భార్య ఒకచోట, భర్త మరోచోట పనిచేస్తుంటే ఊరి మధ్యలోనే చూసుకోవడం మేలు. ఏ కాలనీ అయినా ఊళ్లోంచి పారే నడిమివంకకు ఎంత దూరమో అడగండి. 2022 అక్టోబరులో ఆ వంక పొంగి రుద్రంపేట వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఈ ప్రశ్న ఓనర్ని కాదు, వీధి చివర అంగడాయన్ని అడగాలి. కాంపౌండు గోడ మీద మోకాలెత్తున బురద చార అడ్డంగా కనిపిస్తే అడగాల్సిన పని కూడా లేదు.

ఇక నీళ్లు. కొళాయి ఏ రోజుల్లో వస్తుంది, ఎంతసేపు వస్తుంది, సంపు ఉందా, మోటారు ఎవరు వేస్తారు, ఆ కరెంటు ఎవరి మీటరు మీద పడుతుంది? ఈ ఐదింటికీ జవాబు రాకుండా అద్దె మాట ఎత్తొద్దు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్కేస్తారు. నలుగురుంటే 540. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉండి దాని మీద రెండు పోర్షన్లు బతుకుతుంటే అది ఒక్కరోజుకే సరి. కింది పోర్షన్లో బట్టలుతికిన రోజు పై పోర్షన్‌కు స్నానం ఉండదు. రెండు పోర్షన్ల వాళ్ల మధ్య తగాదాలు మొదలయ్యేది కూడా ఇక్కడే.

బోరు నీళ్లను కొళాయి మూతి దగ్గరే పరీక్షించొచ్చు. చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉందా, సబ్బు రుద్దితే నురగ వస్తోందా చూడండి. ఉప్పు నీళ్లయితే గీజరు, వాషింగ్ మెషిన్ త్వరగా పాడవుతాయి. తాగడం సంగతి వేరు. ఈ జిల్లాలో చాలాచోట్ల బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు కూడా దాన్ని విడిగా చూపదు. ల్యాబులో పరీక్ష చేయించాలి, లేదంటే ఆర్వో నీళ్లే తాగాలి.

పైన ఇంకో అంతస్తు లేని స్లాబు ఇల్లయితే సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. పడమటి గోడకు లోపలి నుంచి అరచెయ్యి ఆనించండి. అప్పటికీ గోడ కాలుతుంటే ఆ గదిలో అర్ధరాత్రి దాకా నిద్ర పట్టదు. మిద్దె మీద తెల్లటి కూల్ పెయింటు వేయించమని ఓనర్ని అడగడానికి మొహమాటపడొద్దు. అడ్వాన్స్ ఇవ్వకముందే అడగాలి, ఇచ్చాక వినరు.

పాతకాలపు మట్టి మిద్దె దొరికితే వేసవి సుఖంగా గడుస్తుంది. మందపాటి రాతి గోడలు, పైన చవుడు (కప్పు మీద పోసే చవిటి మట్టి), కింద నల్లబండలు, వెలుతురుకు గవాక్షి. తంటా అంతా వానాకాలంలోనే. దంతెల్ని (కప్పును మోసే కర్రల్ని) తాళంచెవితో కొట్టి చూడండి. బోలుగా మోగినా, పొడి రాలినా చెదలున్నట్టే. మూలల్లో గోధుమరంగు మరకలుంటే నీళ్లు దిగుతున్నాయి. ఏటా వానలకు ముందు చవుడు ఎవరు పోయించాలో అగ్రిమెంటులో రాయించుకోండి.

విడి మీటరు లేని పోర్షన్లో అద్దె తక్కువని మురిసిపోవద్దు. 2022 ఏప్రిల్ నాటి కరెంటు స్లాబుల (వాడకం పెరిగేకొద్దీ పెరిగే యూనిట్ రేట్ల) ప్రకారం 150 యూనిట్లు కాల్చే ఇంటికి యూనిట్ల ఛార్జీ 567 రూపాయలు. అలాంటి రెండు ఇళ్లు ఒకే మీటరు మీదుంటే 300 యూనిట్లకు 1,673. సగం పంచుకున్నా తలా 836. స్లాబు పెరగడమే కారణం. సబ్ మీటరు పెట్టుకుంటే ఎవరెంత కాల్చారో తెలుస్తుందే తప్ప స్లాబు తగ్గదు.

కొందరు అద్దె వద్దంటారు, కొన్ని లక్షలు ఒకేసారి కట్టి రెండు మూడేళ్లు లీజుకు ఉండమంటారు. పోయేటప్పుడు ఆ డబ్బు వెనక్కిస్తామంటారు. ఓనరు అప్పుల్లో ఉంటే ఆ డబ్బు తిరిగిరావడం కష్టం. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయండి, తనఖా ఉంటే చాలావరకు అందులో కనబడుతుంది. అయితే పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టర్ కాకపోతే ఈసీకి ఎక్కదు. అందుకే ఒరిజినల్ పత్రాలు చూపించమనండి. జిరాక్సులే చూపిస్తుంటే ఒరిజినల్స్ ఎక్కడో తాకట్టులో ఉన్నాయేమోనని అనుమానించాలి. ఏడాది మించిన లీజు రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ కాగితం మీద మూడేళ్లని రాసుకుంటే ఆ షరతులు కోర్టులో చెల్లవు.

మామూలు అద్దెకు ఎక్కువగా 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, రంగులకు ఎంత పట్టుకుంటారు, ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి అంకెల్లో ఉండాలి. బంధువులొస్తే ఉండొచ్చా, మాంసం వండొచ్చా అన్నవి నోటిమాటగా తేల్చుకున్నా సరిపోతుంది. అడ్వాన్స్, అద్దె బ్యాంకు ద్వారానే ఇవ్వండి. జీతగాళ్లు పన్ను మినహాయింపుకు హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) చూపించాలంటే, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరు కావాలి. ఇస్తారో లేదో ముందే కనుక్కోండి.

సామాన్లు దించకముందే మీటరు రీడింగు, పగిలిన బండలు, తలుపుల గడియలు, ఫ్యాన్లు, చెమ్మ మరకలు అన్నీ ఫొటోలు తీసి అదేరోజు ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ఖాళీ చేసే రోజు ఆయన ఎదుటే మళ్లీ రీడింగు తీసి, కరెంటు బాకీ లెక్క తేల్చి, అడ్వాన్స్ ఖాతాలో పడ్డాక తాళంచెవులివ్వండి.